పల్లె గ్రంథాలయంలో ప్రయోగాల బల్ల: బడి దాటిన యువతకు విజ్ఞానం అందేదెక్కడ?

వస్తువు అంచు స్కేలు మీది సున్నా గీతకు ఆనుకుని ఉంటే, గ్రామీణ యువతలో దాదాపు 85 శాతం మంది దాని పొడవును సరిగా చెప్పగలుగుతున్నారు. అదే వస్తువును సున్నా దగ్గర నుంచి కొంచెం పక్కకు జరిపి అడిగితే, సరైన జవాబు చెప్పేవారు 39 శాతానికి పడిపోతున్నారు. ‘ప్రథమ్’ సంస్థ 2024 జనవరిలో విడుదల చేసిన వార్షిక విద్యాస్థితి నివేదిక, ‘అసర్ 2023’, వెల్లడించిన విషయాలలో ఇది ఒకటి. 26 రాష్ట్రాలలోని 28 జిల్లాల గ్రామాలలో 14 నుంచి 18 ఏళ్ల వయసున్న 34,745 మందిని కలిసి సిద్ధం చేసిన నివేదిక అది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరం ఆలోచించదగినది. స్కేలు మీద కనిపించే చివరి అంకెను చదివి చెప్పడం బడిలో అలవాటైన విద్య. రెండు చివరల మధ్య ఉన్న తేడాయే పొడవు అన్నది చేత్తో కొలిచి, తప్పి, మళ్లీ కొలిచి చూసినవారికి అబ్బే జ్ఞానం. వడ్రంగి దగ్గర నెల రోజులు పనిచేసిన కుర్రవాడు ఈ ప్రశ్నకు తడబడడు. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి, నోటుపుస్తకంలో జవాబు రాసి, మార్కులు తెచ్చుకున్నవారు తడబడుతున్నారు.

విజ్ఞానశాస్త్రం చేతుల మీదుగా నేర్పాలన్న మాటలో ఇప్పుడు ఎవరికీ భేదాభిప్రాయం లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆ మాటే చెప్పింది. ప్రభుత్వాలు అందుకు నిధులూ కేటాయిస్తున్నాయి. తేలవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. ఆ ప్రయోగశాల ఎక్కడ ఉండాలి? దాని తలుపు ఎవరికి, ఏ వేళలో తెరిచి ఉండాలి?

బడి గేటు దగ్గర ఆగిన ప్రయోగశాల

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. దాని కింద దేశవ్యాప్తంగా దాదాపు 10 వేల పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పడ్డాయి. 6 నుంచి 12వ తరగతి వరకు చదివే విద్యార్థులు త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్ బోర్డులు, చిన్న చిన్న పనిముట్లతో సొంతంగా ఏదైనా తయారు చేసి చూడడానికి ఉద్దేశించిన గదులివి. ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. అందులో 10 లక్షలు ఏర్పాటుకు. మిగిలిన 10 లక్షలు గరిష్ఠంగా ఐదేళ్ల నిర్వహణకు. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేల ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025–26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది.

ఇది స్వాగతించవలసిన విస్తరణ. ఒకప్పుడు నగరంలోని పెద్ద ప్రైవేటు పాఠశాలకే పరిమితమైన పరికరాలు మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు చేరడం సామాన్యమైన మార్పు కాదు. అయితే ఈ ఏర్పాటుకు ఒక సహజమైన హద్దు ఉంది. అది బడిలో పేరున్నవారికి, బడి నడిచే వేళలో మాత్రమే అందుతుంది.

ఆ హద్దుకు అవతల ఎంతమంది ఉన్నారో అసర్ నివేదికే చెబుతోంది. 14 ఏళ్లవారిలో ఏ విద్యాసంస్థలోనూ పేరు లేనివారు 3.9 శాతం. 18 ఏళ్లు వచ్చేసరికి ఆ సంఖ్య 32.6 శాతానికి చేరుతోంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు చదువుల ప్రాంగణం వెలుపల ఉన్నారు. వృత్తి శిక్షణ పొందుతున్నవారు మొత్తం మీద 5.6 శాతమే. చదువు కొనసాగిస్తున్నవారి సంగతీ పూర్తిగా భిన్నం కాదు. 11వ తరగతిలోనూ ఆపైనా ఉన్నవారిలో సగానికి మించి సాహిత్య, సామాజికశాస్త్రాల విభాగాల్లో ఉన్నారు. పదో తరగతితోనే వారికి ప్రయోగశాలతో బంధం తెగిపోతోంది.

నగరాలలో ఇటువంటివారికి కొన్ని దారులున్నాయి. 2023 మార్చిలో హైదరాబాద్‌లో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి కేంద్రంలో ఒక ఆలోచనకు నమూనా రూపం ఇచ్చేందుకు పెద్ద యంత్రాలే ఉన్నాయి. కానీ మండల కేంద్రం నుంచి మూడు బస్సులు మారి వెళ్లవలసిన యువకుడికి అది ఒక రోజు విహారయాత్ర అవుతుందే తప్ప, వారంలో రెండు సాయంత్రాలు కూర్చుని పనిచేసుకునే చోటు కాలేదు. అటువంటి చోటు ఊళ్లోనే ఉండాలి.

గ్రంథాలయమే ఎందుకు?

పల్లెలో ఉన్న ప్రభుత్వ స్థలాలను ఒకసారి లెక్కిద్దాం. పాఠశాలకు హాజరుపట్టీ ఉంది. అంగన్‌వాడీకి వయసు నియమం ఉంది. పంచాయతీ కార్యాలయానికి పని ఉంటేనే వెళతారు. పేరు నమోదు, పరీక్ష, ఫీజు, కులం, వయసు అనే నియమాలేవీ లేకుండా ఎవరైనా వచ్చి కూర్చోగలిగే చోటు చట్టరీత్యా గ్రంథాలయం ఒక్కటే. బడి మానేసిన పదిహేడేళ్లవాడు మళ్లీ బడి గేటు లోపలికి అడుగుపెట్టడానికి జంకుతాడు. గ్రంథాలయంలోకి వెళ్లడానికి అతడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

రాజ్యాంగమూ ఈ రెంటినీ ఒకే గూటిలో పెట్టింది. 73వ సవరణ ద్వారా చేరిన పదకొండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొంది. వాటిలో సాంకేతిక, వృత్తి శిక్షణ 18వ అంశం, వయోజన, అనియత విద్య 19వది, గ్రంథాలయాలు 20వది. ఆ వరుస యాదృచ్ఛికమే అయినా, పల్లెలో ఈ మూడూ ఒకే కప్పు కింద ఉండవచ్చన్న సూచన అందులో కనిపిస్తుంది.

తెలుగువారికి ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనలో పాలుపంచుకున్న కొమర్రాజు వేంకట లక్ష్మణరావే, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రాల గ్రంథాలనూ తెలుగులోకి తెచ్చే పనికి నడుం కట్టారు. 1914లో విజయవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ తర్వాత అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి నాగభూషణం వంటివారు ఆ ఉద్యమాన్ని ఊరూరికీ తీసుకువెళ్లారు. గ్రంథాలయాలలో రాత్రి బడులు నడిచాయి. 1930ల్లో గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు ఊళ్లకు చేరాయి. జనం రాలేనప్పుడు గ్రంథాలయమే జనం దగ్గరకు వెళ్లాలన్నది వారి నమ్మకం. కాలానికి అవసరమైన విద్య ఏదైతే దాన్ని మోసుకెళ్లాలన్నది వారి ఆచరణ. ఆనాటి అవసరం అక్షరాస్యత. నేటి అవసరాలలో పనిముట్ల అక్షరాస్యత ఒకటి.

పొరుగు రాష్ట్రాల అనుభవం కూడా మన ముందుంది. కర్ణాటకలో 2019లో గ్రామ పంచాయతీ గ్రంథాలయాల బాధ్యత గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖకు మారింది. ఐదున్నర వేలకు పైగా ఉన్న ఆ గ్రంథాలయాలలో పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చారు. కోవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు ‘ఓదువ బెళకు’ పేరుతో పిల్లలను పుస్తకాల దగ్గరకు రప్పించే కార్యక్రమం నడిచింది. వాటినే ‘అరివు కేంద్రాలు’, అంటే తెలివిడి కేంద్రాలుగా తీర్చిదిద్దారు. కేరళలో 1945లో పి.ఎన్. పణిక్కర్ చొరవతో రూపుదిద్దుకున్న గ్రంథశాలా సంఘం నుంచి ఎదిగిన గ్రామీణ గ్రంథాలయాలు స్థానిక సభ్యుల చేతుల మీదుగా నడుస్తున్నాయి. వాటికి అనుబంధంగా ‘బాలవేది’ పేరిట పిల్లల వేదికలున్నాయి. 1962లో పుట్టిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఊళ్లలో విజ్ఞాన ప్రచారానికి వేసిన బాట కూడా ఆ నేల మీదిదే. గ్రంథాలయం పుస్తకాల గిడ్డంగిగా మిగలకుండా ఊరి యువతకు కూడలి కాగలదని ఈ రెండు రాష్ట్రాలూ నిరూపించాయి.

ఒక కర్ర, రెండు ఊళ్లు

‘చేతులతో చేసే విజ్ఞానం’ అనగానే రోబోలు, త్రీడీ ప్రింటర్లు మనసులో మెదులుతాయి. పల్లె గ్రంథాలయం అక్కడ మొదలు కానక్కరలేదు. ఒక ఉదాహరణ చూద్దాం.

ఆదిలాబాద్, కుప్పం పట్టణాలు దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఒకటి తెలంగాణ ఉత్తరపు కొనన, మరొకటి ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొనన. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20 లేదా 21న, అలాగే సెప్టెంబరు 22 లేదా 23న, రెండు చోట్లా మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెట్టి, మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణంలో కొలవాలి. ఆదిలాబాద్‌లో నీడ సుమారు 36 సెంటీమీటర్లు ఉంటుంది. కుప్పంలో సుమారు 23 సెంటీమీటర్లు. ఈ కొలతల నుంచి రెండు చోట్లా సూర్యకిరణాల వాలు తెలుస్తుంది. వాటి మధ్య తేడా దాదాపు 7 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య సరళదూరం దాదాపు 770 కిలోమీటర్లు. 7 డిగ్రీలకు 770 కిలోమీటర్లయితే, 360 డిగ్రీలకు ఎంత? 39,600 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత వాస్తవంగా 40 వేల కిలోమీటర్లు.

రెండు వేల సంవత్సరాలకు పూర్వం ఎరటోస్తనీస్ ఈజిప్టులో ఉపయోగించిన పద్ధతి ఇదే. దీనికి కావలసినవి రెండు కర్రలు, రెండు కొలబద్దలు, దారానికి కట్టిన ఒక గుండు, రెండు గ్రంథాలయాల మధ్య ఒక ఫోను సంభాషణ. కర్ర నిటారుగా లేకపోతే లెక్క తప్పుతుంది. నేల చదునుగా లేకపోయినా తప్పుతుంది. ఆ తప్పు ఎక్కడ వచ్చిందో వెతికే క్రమంలోనే కొలత అంటే ఏమిటో బోధపడుతుంది. సున్నా దగ్గర నుంచి స్కేలు జరిగితే తడబడే 61 శాతం మందికి కావలసిన పాఠం ఇదే.

మరొకటి నీడలేని రోజు. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ప్రతి ఊరికీ ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. 2023లో హైదరాబాద్‌లో మే 9న, మళ్లీ ఆగస్టు 3న నిలువు కర్రకు నీడ కనిపించలేదు. మన ఊరికి ఆ రోజు ఎప్పుడు వస్తుందో లెక్కగట్టి, ఆ మధ్యాహ్నం జనాన్ని పిలిచి చూపించడం ఏ గ్రంథాలయానికైనా చేతనయ్యే పని. ఖర్చు దాదాపు శూన్యం.

తర్వాతి మెట్టు ఊరి పనులతో ముడిపడాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భారత సంతతి శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం రూపొందించిన, కాగితం మడిచి చేసే ‘ఫోల్డ్‌స్కోప్’ సూక్ష్మదర్శిని వస్తువును సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపుతుంది. చెరువు నీటి చుక్కను, వరి ఆకు మీది మచ్చను దాని కింద పెట్టి చూసిన యువతికి నీటి పరీక్ష, తెగుళ్ల గుర్తింపు పాఠ్యాంశాలుగా మిగలవు. ఒక మల్టీమీటరుతో బ్యాటరీలో శక్తి ఎంత మిగిలిందో, తీగ ఎక్కడ తెగిందో పట్టుకోవచ్చు. నేల తేమను తెలిపే చిన్న సెన్సరును ఎలక్ట్రానిక్ బోర్డుకు కలిపి, ఏ మడికి నీరు అవసరమో చెప్పే పరికరం చేయవచ్చు. వర్షమాపకం పెట్టి, రోజూ కొలత రాసి, గ్రంథాలయం గోడ మీద పట్టిక కట్టవచ్చు. పదేళ్లు రాస్తే అది ఆ ఊరి సొంత వాతావరణ చరిత్ర అవుతుంది.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర ఖగోళ సంఘం 2008లో ఒక చిన్న ప్రయత్నం మొదలుపెట్టింది. దుర్భిణులను స్థానిక గ్రంథాలయాలకు ఇచ్చి, పుస్తకం మాదిరిగానే పాఠకులు వాటిని ఇంటికి తీసుకువెళ్లే ఏర్పాటు చేసింది. తర్వాత అది మరెన్నో గ్రంథాలయాలకు వ్యాపించింది. పుస్తకాన్ని అరువివ్వగలిగిన వ్యవస్థ దుర్భిణినీ, మల్టీమీటరునూ అరువివ్వగలదన్నది దాని సారాంశం. సభ్యత్వ కార్డు, గడువు తేదీ, తిరిగి జమ చేసుకునే పద్ధతి గ్రంథాలయానికి ఎప్పటి నుంచో చేతనైన విద్యలే.

తాళం పడిన బీరువా

ఇంతవరకు చెప్పినదంతా వినడానికి తేలికగానే ఉంటుంది. ఇటువంటి ప్రయత్నాలు మన దేశంలో ఎక్కడ నిలిచాయి, ఎక్కడ ఆగిపోయాయన్నది చూస్తేనే అసలు చిక్కు అర్థమవుతుంది.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం ఆరంభమైంది. పిల్లలు ప్రయోగాలు చేసి, తామే ఫలితాలు రాసుకుని, చర్చించుకోవడం దాని పద్ధతి. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు; చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. జిల్లా అంతటికీ విస్తరించి, మూడు దశాబ్దాలు నడిచి, 2002లో అది మూతపడింది. దేశవ్యాప్తంగా ఎందరో విద్యావేత్తలు దాని నుంచి నేర్చుకున్నారు. పనికిరాని వస్తువులతో విజ్ఞాన బొమ్మలు చేసి చూపే అరవింద్ గుప్తా వంటివారికి స్ఫూర్తి దొరికింది అక్కడే. ఆ ప్రయోగం అంతకాలం నిలవడానికి పరికరాల పెట్టె ఒక్కటే కారణం కాదు. ఉపాధ్యాయులకు పదేపదే శిక్షణ, నెలనెలా సమావేశాలు, సందేహం వస్తే సంప్రదించగలిగే మనుషులు దాని వెనుక ఉన్నారు.

మహారాష్ట్రలో పుణె జిల్లా పాబళ్ గ్రామంలో డాక్టర్ శ్రీనాథ్ కల్‌బాగ్ 1983లో స్థాపించిన విజ్ఞాన ఆశ్రమం మరో ఉదాహరణ. బడి చదువు కుదరని పల్లె యువతకు వెల్డింగు, విద్యుత్తు, వ్యవసాయం, ఆహార తయారీ వంటి పనుల ద్వారానే విజ్ఞానం నేర్పడం దాని మార్గం. ఊరివారికి కావలసిన వస్తువులను విద్యార్థులు నిజంగానే చేసి ఇచ్చారు. పని నిజమైనది కాబట్టి చదువూ నిజమైంది. మన కుప్పం సమీపంలో 1999 నుంచి పనిచేస్తున్న అగస్త్య ఫౌండేషన్ వ్యాన్లలో, మోటారు సైకిళ్ల మీద ప్రయోగ సామగ్రిని పల్లెలకు చేరవేస్తోంది. 1965లోనే బెంగాల్‌లో సంచార విజ్ఞాన ప్రదర్శన బస్సు రోడ్డెక్కింది. ఈ వాహనాలు చేసిన మేలు పెద్దది. కానీ వచ్చిన వాహనం సాయంత్రానికి వెళ్లిపోతుంది. రాత్రి మెదిలిన ప్రశ్నకు మర్నాడు ఆ బల్ల ఊళ్లో ఉండదు. వాహనం రగిలించిన ఆసక్తిని నిలబెట్టే పని గ్రంథాలయానిది.

ఇక విఫలమైన ప్రయత్నాల కథ దాదాపు ప్రతి ఊరికీ తెలిసినదే. విజ్ఞాన సామగ్రి వస్తుంది. స్టాకు రిజిస్టరులో ఎక్కుతుంది. పగిలితే, పోతే జవాబు చెప్పవలసింది బాధ్యుడైన ఉద్యోగి కాబట్టి బీరువాకు తాళం పడుతుంది. తనిఖీ రోజున తెరిస్తే అన్నీ భద్రంగా ఉంటాయి. లెక్క సరిపోతుంది, ఉద్దేశం మాత్రం నెరవేరదు. ఇది వ్యక్తుల దోషం అనడం కంటే, వాడినవారిని శిక్షించి వాడనివారిని కాపాడే నిబంధనల దోషం అనడం సబబు.

భారత గ్రంథాలయశాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఈ జబ్బునే మరో రూపంలో చూశారు. ఆయన ప్రతిపాదించిన ఐదు సూత్రాలలో మొదటిది పుస్తకాల ప్రయోజనం వాటి వినియోగంలోనే ఉందని చెబుతుంది. పుస్తకాలను గొలుసులతో కట్టి దాచిన కాలం నుంచి అరల్లో చేతికందేలా ఉంచే కాలానికి గ్రంథాలయాలు రావడానికి తరాలు పట్టింది. పనిముట్ల విషయంలో మనం ఇంకా గొలుసుల కాలంలోనే ఉన్నాం. పుస్తకాల అట్టలు చినగడం, పుటలు ఊడడం సహజమని గ్రంథాలయ నియమాలు ఒప్పుకుంటాయి. పనిముట్లలో కూడా ఏటా కొంత భాగం అరిగి, విరిగి పోతుందని ముందే రాసి ఉంచితే తప్ప ప్రయోగాల బల్ల పనిచేయదు.

అమ్మాయిల సాయంత్రాలు

ఈ చర్చలో తరచుగా మరుగునపడే అంశం ఒకటుంది. అసర్ నివేదిక ప్రకారం స్మార్ట్‌ఫోను వాడడం తెలిసిన గ్రామీణ యువకులలో 43.7 శాతం మందికి సొంత ఫోను ఉండగా, యువతులలో అది 19.8 శాతమే. 11వ తరగతిలోనూ ఆపైనా విజ్ఞాన, గణిత, సాంకేతిక విభాగాలను ఎంచుకున్నవారు అబ్బాయిలలో 36.3 శాతం, అమ్మాయిలలో 28.1 శాతం. అన్నీ ఫోనులో దొరుకుతున్నాయి కదా, గ్రంథాలయం ఎందుకని అడిగేవారికి ఈ అంకెలే సమాధానం. దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నా, అది ఎవరి చేతిలో ఎంతసేపు ఉంటుందన్నది వేరే లెక్క. పైగా తెర మీద కనిపించేది ఇతరుల చేతుల పని. చూసినంత మాత్రాన తన చేతికి నైపుణ్యం రాదు.

అబ్బాయిలకు మోటారు మెకానిక్ షెడ్డు ఉంది, సెల్‌ఫోను మరమ్మతు దుకాణం ఉంది. అక్కడ నిలబడి చూస్తూ కొంత నేర్చుకుంటారు. ఆ చోట్లలో అమ్మాయి అరగంట నిలబడలేదు. ఇంట్లో అనుమతి దొరికే బహిరంగ స్థలాలలో గ్రంథాలయం ఒకటి. అయితే అది చీకటి పడకముందే తెరిచి ఉండాలి. దారిలో దీపం, లోపల మరుగుదొడ్డి ఉండాలి. వారంలో కొన్ని గంటలు యువతులకే కేటాయించాలి. నేర్పేవారిలో మహిళ ఉండాలి. అటువంటి ఏర్పాటు లేకపోతే ప్రయోగాల బల్ల కూడా మరో అబ్బాయిల అడ్డాగా మారడానికి ఎక్కువ రోజులు పట్టదు.

భాష సంగతీ ఇటువంటిదే. బోర్డుల మీద, పరికరాల వెంట వచ్చే సూచనలు అధికంగా ఆంగ్లంలో ఉంటాయి. అదే అసర్ నివేదికలో నాలుగో వంతు యువత తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని కూడా ధారాళంగా చదవలేకపోయారు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం అటల్ ఇన్నోవేషన్ మిషన్‌ను 2,750 కోట్ల రూపాయలతో 2028 మార్చి వరకు పొడిగించినప్పుడు, 22 భారతీయ భాషలలో నవకల్పనకు ఊతమిచ్చే కార్యక్రమాన్ని కూడా చేర్చింది. తెలుగులో ఈ పనికి పునాది ఉంది. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు క్లిష్టమైన విజ్ఞానాన్ని తేట తెలుగులో చెప్పి చూపించారు. అరవింద్ గుప్తా రచనలు కొన్ని తెలుగులోకి వచ్చాయి. వీటి పక్కనే బొమ్మలతో కూడిన, ఒక్కో ప్రయోగానికి ఒక్కో పుట చొప్పున ఉండే సూచికలను తయారుచేయడం రెండు రాష్ట్రాల విద్యాసంస్థలకు తలకు మించిన పని కాదు.

అభ్యంతరాలు, ఖర్చు

ఈ ప్రతిపాదనకు వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. నేడు మన గ్రంథాలయాలకు వచ్చేవారిలో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే నిరుద్యోగులు ఎందరో. వారికి నిశ్శబ్దం కావాలి. సుత్తి శబ్దాలు, పిల్లల కేకలు వారి చదువుకు భంగం. ఒకే గది ఉన్న చోట దీనికి పరిష్కారం వేళలను పంచుకోవడమే. వారంలో రెండు సాయంత్రాలు, ఆదివారం ఒక పూట బల్లకు ఇచ్చి, మిగిలిన వేళలు చదువరులకు వదలవచ్చు. వరండా, చెట్టు నీడ, పక్కనున్న పాఠశాల గది కూడా ఉపయోగపడతాయి.

రెండో అభ్యంతరం భద్రత. ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. దానితో ఆటలు పనికిరావు. బ్యాటరీతో నడిచే పనులకే పరిమితం కావడం, సోల్డరింగ్ వంటి వేడి పనులు పర్యవేక్షణలోనే జరగడం, ప్రథమ చికిత్స పెట్టె అందుబాటులో ఉండడం మొదటి రోజు నుంచీ నియమాలుగా ఉండాలి.

మూడోది అన్నిటికంటే బరువైనది. ఖాళీ పోస్టులతో, శిథిల భవనాలతో నడుస్తున్న శాఖా గ్రంథాలయం మీద మరో బాధ్యత మోపడం ఎంతవరకు సమంజసం? గ్రంథపాలకుడి చేతే అన్నీ చేయించాలనుకుంటే ఈ ప్రయత్నం ఆరు నెలల్లో అటకెక్కుతుంది. ఊళ్లోని విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలిటెక్నిక్ విద్యార్థి, ఎలక్ట్రీషియన్, కుట్టుపని తెలిసిన మహిళ వంతులవారీగా వచ్చి, గంటకు ఇంత అని గౌరవ వేతనం తీసుకుంటే భారం పంచుకున్నట్లవుతుంది. జన విజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు జిల్లాలలో ఉన్నారు. కానీ స్వచ్ఛంద సేవ మీదే పూర్తిగా ఆధారపడితే ఆ సేవకుడికి ఉద్యోగం వచ్చిన రోజే బల్ల మూతపడుతుంది.

కాబట్టి డబ్బు గురించి మాట్లాడక తప్పదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు వసూలు చేసే ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చేరుతుంది. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు వెళ్లాలి. సెస్సు వసూలవుతున్నా సంస్థలకు సకాలంలో జమకావడం లేదన్న ఫిర్యాదు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పాతదే. మనిషికి ఇచ్చే వేతనానికి ఏటా వచ్చే ఈ ఆదాయమే సరైన ఆధారం. బకాయిలు తీరితే తప్ప అది సాధ్యం కాదు. పరికరాలకు వేరే దారి ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు సిఫారసు చేసిన నిధులలో 40 శాతం షరతులు లేనివి. జీతాలకు, కార్యాలయ ఖర్చులకు తప్ప పదకొండవ షెడ్యూలులోని ఏ అంశానికైనా స్థానిక అవసరాన్ని బట్టి వాటిని వాడుకోవచ్చు. గ్రంథాలయం ఆ జాబితాలో ఉంది. ఇటువంటి వెసులుబాటును తర్వాతి కాలంలోనూ నిలిపి, గ్రామసభలో ఈ అంశాన్ని చర్చకు పెట్టడం పంచాయతీల పని.

మొత్తం ఎంత కావాలి? ఒక అటల్ ల్యాబుకు ఇచ్చే 20 లక్షల రూపాయలను 40 గ్రంథాలయాలకు పంచితే ఒక్కొక్క దానికి 50 వేలు వస్తాయి. కొలబద్దలు, భూతద్దాలు, కాగితపు సూక్ష్మదర్శినులు, రెండు మల్టీమీటర్లు, స్క్రూడ్రైవర్లు, బ్యాటరీలు, కొన్ని సెన్సర్లు, ఒక బల్ల సమకూరడానికి అది చాలు. పాఠశాలల నిధులను కోయాలన్నది ఇక్కడి వాదన కాదు. కొత్తగా రానున్న 50 వేల ల్యాబ్‌ల మార్గదర్శకాలలోనే ఒక షరతు చేర్చవచ్చు. బడి వేళల తర్వాత వారంలో కొన్ని గంటలు, సమీప గ్రంథాలయంలో సభ్యత్వం ఉన్న బడి బయటి యువతకు కూడా ఆ గది తలుపు తెరవాలి. త్రీడీ ప్రింటరు ప్రతి ఊరికీ అక్కరలేదు. కర్రతో నీడను కొలవడం దగ్గర మొదలైనవారు ప్రింటరు దగ్గరకు చేరే దారి ఉంటే చాలు.

ఏది లెక్కించాలి?

ప్రభుత్వ కార్యక్రమం దేన్ని లెక్కిస్తే దాని వైపే నడుస్తుంది. ప్రారంభోత్సవాలను లెక్కిస్తే ప్రారంభోత్సవాలు జరుగుతాయి. పరికరాలను లెక్కిస్తే బీరువాలు నిండుతాయి. పల్లె గ్రంథాలయంలోని బల్ల పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి తనిఖీ అధికారి అడగవలసిన ప్రశ్నలు వేరు. ఈ నెలలో ఎన్ని సాయంత్రాలు తలుపు తెరిచారు? మొదటిసారి వచ్చినవారిలో ఎందరు తిరిగి వచ్చారు? వారిలో అమ్మాయిలు ఎందరు, బడి మానేసినవారు ఎందరు? ఎన్ని పనిముట్లు విరిగాయి? చివరి ప్రశ్నకు ‘ఒక్కటీ విరగలేదు’ అనే జవాబు వస్తే, అది అభినందించవలసిన విషయమా, ఆరా తీయవలసిన విషయమా అన్నది అధికారులు ముందే నిర్ణయించుకోవాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ దీన్ని ఒకేసారి అన్ని ఊళ్లలో మొదలుపెట్టనక్కరలేదు. జిల్లాకు ఐదు శాఖా గ్రంథాలయాలను ఎంచుకుని, రెండేళ్లు నడిపి, పై ప్రశ్నలకు వచ్చిన జవాబులను బహిరంగంగా ప్రకటిస్తే విస్తరణకు దారి దానంతట అదే తెలుస్తుంది. అందుకు మొదటి మెట్టు స్టాకు రిజిస్టరు నియమాన్ని సవరించే ఒక ఉత్తర్వు, బకాయి పడిన సెస్సు జమ చేసే మరో ఉత్తర్వు. ఈ రెండూ లేకుండా పంపే పరికరాల పెట్టెలు, ఇంతకుముందు వచ్చినవాటి పక్కనే బీరువాలోకి చేరతాయి.